లినక్స్ సందేహాలు: బూట్ సమయంలో రాని డ్రైవర్లు

ఈ నెల చేరిన ఉత్తరాలలో చాలావరకు ఒకే ఇబ్బంది గురించి ఉన్నాయి. టెర్మినల్‌లో మోడ్‌ప్రోబ్ ఆదేశం ఇస్తే బుద్ధిగా వచ్చే డ్రైవర్ మాడ్యూల్ (కెర్నల్, అంటే లినక్స్ మూలభాగంలోకి అవసరమైనప్పుడు ఎక్కే డ్రైవర్ ముక్క) కంప్యూటర్ బూట్ అయినప్పుడు మాత్రం రాదు, లేదా ఒకరోజు వచ్చి మరొకరోజు రాదు. వాటిలో కొన్నింటిని ఎంపిక చేసి జవాబులు ఇస్తున్నాం. ఆదేశాలు, ఫైళ్ల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిషు చిన్న అక్షరాలనే వాడాలి.

ప్రశ్న: మా కళాశాల ప్రయోగశాలలో డెబియన్ 12 వేసిన డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత దానంతటదే కనబడుతోంది కానీ మదర్‌బోర్డు ఫ్యాన్ల వేగం కనబడాలంటే ఎన్‌సీటీ6775 అనే మాడ్యూల్‌ను చేత్తో ఎక్కించాల్సి వస్తోంది. అందుకని బూట్ సమయంలో నడిచే ఆర్‌సీ.లోకల్ ఫైలులో పది సెకన్లు ఆగి మోడ్‌ప్రోబ్ నడిచేలా రాశాము. అయినా కొన్ని యంత్రాలలో ఫ్యాన్లను అదుపు చేసే సర్వీసు మాడ్యూల్ రాకముందే మొదలై విఫలమవుతోంది. పది సెకన్లను ముప్పై చేస్తే సరిపోతుందా? (వరంగల్ నుంచి ఒక ప్రయోగశాల సహాయకులు)

జవాబు: ముప్పై చేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. మీరు ఆగమన్నది మాడ్యూల్‌ను, సర్వీసును కాదు. మాడ్యూల్ ఎంత ఆలస్యంగా వస్తే సర్వీసు అన్ని ఎక్కువసార్లు విఫలమవుతుంది. ఆ పంక్తిని తీసేయండి. అసలు ఆ మాడ్యూల్ తనంతట తాను ఎందుకు రాలేదో ముందు చూద్దాం, మిగిలిన ఉత్తరాలకు కూడా ఈ వివరణే ఆధారం.

పీసీఐ, యూఎస్‌బీ పరికరాలు ప్రతి ఒక్కటీ తమ తయారీదారు సంఖ్యనూ పరికర సంఖ్యనూ తమలోనే మోసుకొస్తాయి. కెర్నల్ అలాంటి పరికరాన్ని కనుగొన్నప్పుడు ఆ సంఖ్యలతో మోడ్‌ఏలియాస్ అనే ఒక గుర్తింపు పాఠాన్ని తయారుచేసి, పరికరాల రాకపోకలను చూసుకునే యూడెవ్ అనే ప్రోగ్రాముకు ప్రకటిస్తుంది. యూడెవ్ ఆ పాఠాన్ని పట్టుకుని, /లిబ్/మాడ్యూల్స్ కింద నడుస్తున్న కెర్నల్ వెర్షన్ పేరుతో ఉన్న డైరెక్టరీలో డెప్‌మోడ్ ఆదేశం ముందే సిద్ధం చేసి ఉంచిన మాడ్యూల్స్.ఏలియాస్ పట్టికలో వెతికి, సరిపోయిన మాడ్యూల్‌ను, అది ఆధారపడిన ఇతర మాడ్యూళ్లతో సహా ఎక్కిస్తుంది. యూడెవ్ మొదలు కాకముందే కెర్నల్ కనుగొన్న పరికరాల ప్రకటనలను సిస్టమ్‌డీ-యూడెవ్-ట్రిగర్ అనే సర్వీసు (సిస్టమ్‌డీ అంటే బూట్‌లో సర్వీసులను మొదలుపెట్టే ప్రోగ్రాము) మళ్లీ ఒకసారి వినిపిస్తుంది కాబట్టి అవి కూడా తప్పిపోవు. నెట్‌వర్క్ కార్డు పేరో, సౌండ్ కార్డు పేరో మనం ఏ ఫైలులోనూ రాయనవసరం లేకపోవడానికి కారణం ఇదే. మీకు దానంతటదే కనబడుతున్న ప్రాసెసర్ ఉష్ణోగ్రత కూడా ఈ దారిలోనే వచ్చింది. కోర్‌టెంప్ మాడ్యూల్‌కు ప్రాసెసర్ లక్షణాలే గుర్తింపు పాఠంగా పనిచేస్తాయి.

ఫ్యాన్ల వేగాన్ని కొలిచే సూపర్ ఐఓ చిప్ సంగతి వేరు. దానికి పీసీఐ సంఖ్య లేదు, యూఎస్‌బీ సంఖ్య లేదు. అది ఉందో లేదో తెలియాలంటే డ్రైవరే హెక్సాడెసిమల్ (పదహారు ఆధారంగా గల) సంఖ్యలలో 2ఈ, 4ఈ అనే పోర్టులకు వెళ్లి తట్టి, లోపల ఉన్న చిప్ గుర్తును చదవాలి. ఆ చిరునామాలలో మరేదైనా పరికరం ఉంటే అలా తట్టడం వల్ల చిక్కు రావచ్చు కనుక ఎవరూ చెప్పకుండా కెర్నల్ ఆ పని చేయదు. అంటే మీ యంత్రాలలో ఏదీ చెడలేదు. తనను తాను ప్రకటించుకోలేని పరికరం తరఫున మనిషి చెప్పాలి, అంతే. ఆ చెప్పే చోటు /ఈటీసీ/మాడ్యూల్స్-లోడ్.డి డైరెక్టరీ. అందులో సెన్సర్స్.కాన్ఫ్ అనే ఫైలు సృష్టించి ఒకే పంక్తిలో మాడ్యూల్ పేరు రాయండి. మాడ్యూల్‌కు ఇచ్చే ఐచ్ఛికాలు ఇక్కడ రాయకూడదు, అవి /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి లోని ఫైలులో ఆప్షన్స్ అనే పదంతో మొదలయ్యే పంక్తిగా ఉండాలి. పాత అలవాటు కొద్దీ డెబియన్‌లో /ఈటీసీ/మాడ్యూల్స్ ఫైలులో రాసినా పనిచేస్తుంది, ఎందుకంటే కొత్త డైరెక్టరీ నుంచి దానికి ఒక లంకె ఉంది.

ఈ డైరెక్టరీని చదివే సర్వీసు పేరు సిస్టమ్‌డీ-మాడ్యూల్స్-లోడ్. అది బూట్‌లో చాలా ముందుగా, సిస్‌ఇనిట్ అనే మజిలీ పూర్తికాకముందే పని ముగిస్తుంది. మామూలు సర్వీసులన్నీ ఆ మజిలీ దాటాకే మొదలవుతాయి కాబట్టి మీ ఫ్యాన్ల సర్వీసుకు మాడ్యూల్ సిద్ధంగా దొరుకుతుంది, ఎక్కడా సెకన్లు లెక్కపెట్టనక్కరలేదు. ఆర్‌సీ.లోకల్ అలా కాదు. అది బాగా ఆలస్యంగా నడుస్తుంది, దానికీ మీ సర్వీసుకూ మధ్య ఏది ముందు ఏది వెనుక అన్న కట్టుబాటు ఏదీ లేదు, రెండూ పక్కపక్కనే పరుగెడతాయి. కొన్ని యంత్రాలలో సర్వీసు పనిచేయడం, కొన్నింటిలో విఫలమవడం అందువల్లే.

ఇంత చేశాక కూడా ఒకటి రెండు యంత్రాలు మొండికేస్తే హెచ్‌డబ్ల్యూమోన్ సంఖ్యలను అనుమానించండి. సెన్సర్ పరికరాలకు అవి నమోదైన వరుసలో హెచ్‌డబ్ల్యూమోన్0, హెచ్‌డబ్ల్యూమోన్1 అంటూ సంఖ్యలు వస్తాయి, ఆ వరుస ప్రతి బూట్‌లోనూ ఒకేలా ఉంటుందన్న హామీ లేదు. ఫ్యాన్‌కంట్రోల్ ప్రోగ్రాము తన అమరికలో రాసుకున్న సంఖ్య ఇప్పుడు మరొక చిప్‌కు వెళ్లిందని గుర్తిస్తే, తప్పుడు ఫ్యాన్‌ను తిప్పడం కంటే ఆగిపోవడం మేలని అమరిక పాతబడిందంటూ ఆగిపోతుంది. ప్రతి హెచ్‌డబ్ల్యూమోన్ డైరెక్టరీలోనూ నేమ్ అనే ఫైలు ఉంటుంది. సంఖ్యను కాక ఆ పేరును చూసి చిప్‌ను గుర్తించే ప్రోగ్రామును ఎంచుకోవడం ఉత్తమం.

కెర్నల్ సందేశాలు చూపే డీమెస్గ్‌లో ఏసీపీఐ (ఫర్మ్‌వేర్‌కూ కెర్నల్‌కూ మధ్య ఉన్న ఒప్పందం) వనరుల సంఘర్షణ అని సందేశం కనబడితే మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ కూడా అదే చిప్‌ను వాడుతోందని అర్థం. ఏసీపీఐ_ఎన్‌ఫోర్స్_రిసోర్సెస్=లాక్స్ అనే కెర్నల్ పరామితితో డ్రైవర్‌ను లోపలికి తోయవచ్చు కానీ, ఒకే చిప్‌ను ఇద్దరు ఏకకాలంలో తాకే ప్రమాదం ఉంటుంది. విద్యార్థులు రోజంతా వాడే యంత్రాలలో కేవలం ఫ్యాన్ల వేగం చూడటానికి ఆ పని చేయమని నేను చెప్పను.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో బ్రాడ్‌కామ్ వైఫై ఉంది. ఉబుంటు 22.04 లో డబ్ల్యూఎల్ అనే డ్రైవర్‌తో నడుస్తుంది. కెర్నల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ వైఫై మాయమవుతుంది. పాత కెర్నల్‌తో బూట్ చేస్తే తిరిగి వస్తుంది. ఈసారి చేత్తో ఎక్కించబోతే "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వచ్చింది. డబ్ల్యూఎల్ పేరును మాడ్యూల్స్-లోడ్.డి లో రాసినా ఫలితం లేదు. (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ వైఫై పీసీఐ పరికరం, తన సంఖ్యను అది చక్కగా ప్రకటిస్తూనే ఉంది. కనుక ఆ పేరును ఫైలులో రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు. రాసిన పంక్తిని తీసేయండి. మీ దగ్గర రెండు వేర్వేరు లోపాలు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉన్నాయి.

మొదటిది, కొత్త కెర్నల్‌కు ఆ మాడ్యూలే లేకపోవడం. డబ్ల్యూఎల్ కెర్నల్‌తో కలిసి వచ్చే డ్రైవర్ కాదు. ఏ కెర్నల్ కోసం నిర్మించిన మాడ్యూల్ ఆ కెర్నల్‌కే పనికివస్తుంది. ప్రతి మాడ్యూల్‌లోనూ వెర్‌మ్యాజిక్ అనే ముద్ర ఉంటుంది, అది సరిపోకపోతే కెర్నల్ దాన్ని తిరస్కరిస్తుంది. కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను తిరిగి నిర్మించే బాధ్యత డీకేఎంఎస్‌ది. అది డెల్ సంస్థలో పుట్టిన పనిముట్టు. అయితే అది నిర్మించాలంటే కొత్త కెర్నల్ హెడర్లు (మాడ్యూల్ నిర్మాణానికి కావలసిన ఫైళ్లు) కూడా మీ యంత్రంలో ఉండాలి. ఉబుంటు దీర్ఘకాలిక విడుదలలలో హెచ్‌డబ్ల్యూఈ అనే కొత్త కెర్నల్ వరుస ఒకటి ఉంటుంది. కెర్నల్ ఆ వరుస నుంచి వస్తూ, హెడర్లు మాత్రం పాత లినక్స్-హెడర్స్-జెనరిక్ ప్యాకేజీ నుంచి వస్తుంటే రెండూ ఎప్పటికీ కలవవు. యూనేమ్ -ఆర్ ఆదేశంతో నడుస్తున్న కెర్నల్‌ను, డీకేఎంఎస్ స్టేటస్ ఆదేశంతో ఏయే కెర్నళ్లకు మాడ్యూల్ నిర్మాణమైందో చూడండి. మీ కెర్నల్ రెండో జాబితాలో లేకపోతే లినక్స్-హెడర్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-22.04 ప్యాకేజీని వేసుకుని, డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ నడపండి. వైఫై లేకుండా ప్యాకేజీ ఎలా దించుకోవాలన్న సందేహం వస్తుంది. ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ పెడితే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు కావలసిన ఆర్‌ఎన్‌డీఐఎస్_హోస్ట్ మాడ్యూల్ కెర్నల్‌లోనే ఉంది, తనంతట తానే వస్తుంది.

రెండవది, మీరు ఈసారి చూసిన సందేశం. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్‌లో అనుమతించే ఫర్మ్‌వేర్ రక్షణ) ఆన్‌లో ఉన్నప్పుడు ఉబుంటు కెర్నల్ సంతకం లేని, లేదా తనకు తెలియని తాళంతో సంతకం చేసిన మాడ్యూల్‌ను రానివ్వదు. ఉబుంటులో డీకేఎంఎస్ మీ యంత్రంలోనే ఒక తాళం తయారుచేసి దానితో సంతకం చేస్తుంది, కానీ ఆ తాళాన్ని ఫర్మ్‌వేర్ స్థాయిలో ఆమోదించాల్సింది మీరు. డ్రైవర్ వేసినప్పుడు అడిగిన సంకేతపదం, ఆ తరువాతి బూట్‌లో ఒక్క పది సెకన్లపాటు కనబడే నీలి తెర, ఇవి రెండూ ఆ ఆమోదం కోసమే. చాలామంది ఆ తెర ఏమిటో తెలియక దాటవేస్తారు. ఎంఓకేయుటిల్ ఆదేశానికి ఇంపోర్ట్ ఐచ్ఛికంతో /వార్/లిబ్/షిమ్-సైన్డ్/ఎంఓకే డైరెక్టరీలోని ఎంఓకే.డీఈఆర్ ఫైలును ఇచ్చి, ఒక తాత్కాలిక సంకేతపదం పెట్టుకుని, రీబూట్ చేసి, ఈసారి ఆ తెర మీద ఎన్‌రోల్ ఎంచుకోండి. సెక్యూర్ బూట్‌ను పూర్తిగా ఆపేయమనే సలహా మీకు సులభంగా దొరుకుతుంది. అది పనిచేస్తుంది కూడా. కానీ అదే ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్క్ గుప్తీకరణ) పెట్టిన విండోస్ ఉంటే, ఆ మార్పు తరువాత అది పునరుద్ధరణ తాళం అడగవచ్చు. ఆ తాళం చేతిలో లేకుండా ఆ జోలికి వెళ్లవద్దు.

ప్రశ్న: రియల్‌టెక్ నెట్‌వర్క్ కార్డుకు ఆర్8168 డ్రైవర్ వేసి, కెర్నల్‌లోని ఆర్8169 ను బ్లాక్‌లిస్ట్ చేశాను. అయినా ప్రతి బూట్‌లో ఆర్8169 వచ్చి కూర్చుంటోంది. బ్లాక్‌లిస్ట్ అంటే నిషేధం కాదా? (బెంగళూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కాదు. బ్లాక్‌లిస్ట్ పంక్తి చేసేదల్లా ఆ మాడ్యూల్ గుర్తింపు పాఠాలను పట్టించుకోవద్దని మోడ్‌ప్రోబ్‌కు చెప్పడమే. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే అది వస్తుంది, వేరొక మాడ్యూల్ దానిపై ఆధారపడి ఉంటే ఆ దారిలో కూడా వస్తుంది. గట్టిగా అడ్డుకోవాలంటే మోడ్‌ప్రోబ్.డి లో ఇన్‌స్టాల్ ఆర్8169 /బిన్/ఫాల్స్ అని రాయాలి, లేదా కెర్నల్ పంక్తిలో మాడ్యూల్_బ్లాక్‌లిస్ట్=ఆర్8169 అని ఇవ్వాలి; రెండో పద్ధతిలో కెర్నలే తిరస్కరిస్తుంది.

మీ విషయంలో అసలు కారణం మాత్రం ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అయి ఉండవచ్చు. అసలు డిస్క్ తెరుచుకోకముందే కెర్నల్ ఒక చిన్న తాత్కాలిక వ్యవస్థను మెమరీలోకి విప్పుకుని అక్కడ కొన్ని డ్రైవర్లను ఎక్కించుకుంటుంది. ఆ మూటలో మోడ్‌ప్రోబ్.డి నకలు ఒకటి ఉంటుంది, అది మూట కట్టిన రోజు నాటిది. మీరు ఆ తరువాత /ఈటీసీ లో ఏమి రాసినా, మళ్లీ మూట కట్టేదాకా లోపలి నకలుకు తెలియదు. డెబియన్, ఉబుంటులలో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ, ఫెడోరాలో డ్రాకట్ -ఎఫ్, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ ఆదేశానికి పెద్ద పీ ఐచ్ఛికం, ఇవి మూట తిరిగి కట్టే ఆదేశాలు. మోడ్‌ప్రోబ్.డి లో ఏ మార్పు చేసినా ఇది అలవాటు చేసుకోండి. ఎన్‌విడియా డ్రైవర్ వేసినవారికి, ఆ కార్డులకే కెర్నల్‌లో ఉన్న నూవో మాడ్యూల్‌తో వచ్చే తగవు కూడా చాలాసార్లు ఇక్కడే పుడుతుంది.

ఇక మీరు అడగని మాట ఒకటి. ఆర్8168 వైపు ఎందుకు వెళ్లారు? కార్డు పనిచేయకుండా, డీమెస్గ్‌లో రియల్‌టెక్.కేఓ ను ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో చేర్చాల్సి రావచ్చు అన్న సందేశం వచ్చి ఉంటే, ఆర్8169 లో దోషం లేదు. తీగ చివరి భౌతిక స్థాయిని చూసుకునే రియల్‌టెక్ అనే మాడ్యూల్ తనకంటే ముందు రావాలని ఆర్8169 మెత్తని ఆధారంగా, అంటే సాఫ్ట్‌డెప్‌గా ప్రకటించుకుంటుంది. మూట కట్టే ప్రోగ్రాము దాన్ని చేర్చకపోతే ఆర్8169 ముందుగా వచ్చి, రియల్‌టెక్ మాడ్యూల్ కనబడక ఆగిపోతుంది. /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/మాడ్యూల్స్ ఫైలులో రియల్‌టెక్ అని ఒక పంక్తి చేర్చి మూట తిరిగి కట్టండి. నా అభిప్రాయంలో కెర్నల్‌లోని డ్రైవర్ పనిచేస్తున్నంతవరకు బయటి డ్రైవర్ జోలికి పోకపోవడమే మంచిది. పై ఉత్తరంలోని డీకేఎంఎస్ కష్టాలన్నీ అప్పుడు మీకు ఉండవు.

ప్రశ్న: మా రైస్ మిల్లులో వేబ్రిడ్జి ఇండికేటర్ ఒక యూఎస్‌బీ సీరియల్ తీగ మీద, రసీదు ప్రింటర్ మరొక తీగ మీద ఉన్నాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ తీగలకు వచ్చే టీటీవైయూఎస్‌బీ0, టీటీవైయూఎస్‌బీ1 పేర్లు తారుమారవుతున్నాయి. ఒకదాని చిప్ సీహెచ్340, మరొకదానిది సీపీ2102. సీహెచ్340 ను నడిపే సీహెచ్341 మాడ్యూల్ ముందు వచ్చేలా సాఫ్ట్‌డెప్ రాస్తే సమస్య తీరుతుందా? (మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తీరినట్టు కనబడి మళ్లీ ఒకరోజు బయటపడుతుంది. సంఖ్య దక్కేది మాడ్యూల్ వచ్చిన వరుసలో కాదు, పరికరం నమోదైన వరుసలో. మాడ్యూల్ ముందుగానే వచ్చి కూర్చున్నా, యూఎస్‌బీ హబ్ రెండో తీగను ముందు గుర్తిస్తే దానికే సున్నా వెళుతుంది. కాబట్టి సంఖ్యను నమ్మడం మానేసి, మారని పేరు పెట్టుకోండి. మీ రెండు తీగల చిప్‌లు వేర్వేరు కావడం మీ అదృష్టం: సీహెచ్340 సంఖ్య సాధారణంగా 1ఏ86:7523, సీపీ2102 సంఖ్య 10సీ4:ఈఏ60. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశంతో సరిచూసుకుని, /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డి లో ఒక నియమాల ఫైలు రాసి, టీటీవై ఉపవ్యవస్థలో మొదటి సంఖ్య గల పరికరానికి వేబ్రిడ్జ్ అని, రెండోదానికి రసీదు అని ఇంగ్లిషు అక్షరాలలో సిమ్‌లింక్ (లంకె) పేర్లు ఇవ్వండి. ఆపైన బిల్లింగ్ ప్రోగ్రాములో /డెవ్/వేబ్రిడ్జ్ అని రాస్తే ఏ సంఖ్య వచ్చినా లెక్కలేదు.

రేపు రెండూ సీహెచ్340 తీగలే అయితే ఈ ఉపాయం చాలదు. ఆ చిప్‌లకు సాధారణంగా విడివిడి క్రమసంఖ్యలు ఉండవు, రెండూ కవలల్లా ఒకేలా కనబడతాయి. అప్పుడు /డెవ్/సీరియల్/బై-పాత్ డైరెక్టరీలోని పేరు వాడాలి. అది తీగ ఏ పోర్టులో గుచ్చి ఉందో దాన్నిబట్టి వస్తుంది. పోర్టుల పక్కన ఒక చీటీ అంటించి, తీగలు మార్చవద్దని పనివారికి చెప్పడం కూడా అందులో భాగమే.

బిల్లింగ్ ప్రోగ్రాము బూట్‌లో తనంతట తాను మొదలవ్వాలంటే దాని సిస్టమ్‌డీ యూనిట్ (సర్వీసు అమరిక ఫైలు)లో ఆఫ్టర్, బైండ్స్‌టు పంక్తులు రెండింటిలోనూ డెవ్-వేబ్రిడ్జ్.డివైస్ అని రాయండి. పరికరం నిజంగా కనబడ్డాకే ప్రోగ్రాము మొదలవుతుంది, తీగ ఊడితే ఆగుతుంది. యూడెవ్-సెటిల్ సర్వీసు కోసం ఆగమని కొన్నిచోట్ల రాసి ఉంటుంది కానీ, అది అప్పటికి వరుసలో ఉన్న ప్రకటనలు పూర్తయ్యేదాకా మాత్రమే ఆగుతుంది. ఇంకా గుర్తింపే కాని పరికరం ఆ వరుసలో ఉండదు. దాన్ని వాడవద్దని సిస్టమ్‌డీ వారే చెబుతున్నారు.

ప్రశ్న: ఆర్డుయినో బోర్డు కలిపితే సీహెచ్341 మాడ్యూల్, ఎక్కిన మాడ్యూళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్‌మోడ్‌లో కనబడుతోంది, టీటీవైయూఎస్‌బీ0 మాత్రం వచ్చినట్టే వచ్చి మాయమవుతోంది. ఉబుంటు 22.04. (తిరుపతి నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: మాడ్యూల్ తన పని చేసింది. డీమెస్గ్‌లో బీఆర్‌ఎల్‌టీటీవై అనే పేరు కనబడుతుందేమో చూడండి. చూపులేనివారు వాడే బ్రెయిలీ తెరల కోసం ఉన్న ప్రోగ్రాము అది. ఆ విడుదలలోని దాని యూడెవ్ నియమంలో మీ బోర్డు చిప్ సంఖ్య కూడా ఉండటం వల్ల, బోర్డును బ్రెయిలీ తెర అనుకుని లాక్కుంటుంది. ఆ యంత్రాన్ని బ్రెయిలీ తెరతో ఎవరూ వాడకపోతే ప్యాకేజీని తీసేయవచ్చు. వాడేవారుంటే తీయకండి, /యూఎస్‌ఆర్/లిబ్/యూడెవ్/రూల్స్.డి లోని 85-బీఆర్‌ఎల్‌టీటీవై.రూల్స్ ఫైలును అదే పేరుతో /ఈటీసీ/యూడెవ్/రూల్స్.డి లోకి నకలు చేసి, 1ఏ86, 7523 సంఖ్యలున్న పంక్తిని మాత్రం వ్యాఖ్యగా మార్చండి.

ప్రశ్న: ఎల్‌ఎస్‌మోడ్‌లో స్ండ్_హెచ్‌డీఏ_ఇంటెల్ అని కింది గీతలతో ఉంది, ఫైలు పేరులో అడ్డగీతలతో ఉంది. మాడ్యూల్స్-లోడ్.డి లో ఏది రాయాలి? (కర్నూలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఏది రాసినా ఒకటే. మాడ్యూళ్ల పేర్లలో అడ్డగీతకూ కింది గీతకూ మోడ్‌ప్రోబ్ తేడా చూడదు. పేరులో అక్షరమే తప్పితే మాత్రం సిస్టమ్‌డీ-మాడ్యూల్స్-లోడ్ సర్వీసు విఫలమైనట్టు బూట్‌లో ఎర్రగా కనబడుతుంది. జర్నల్‌సీటీఎల్ ఆదేశానికి -బీ, -యూ ఐచ్ఛికాలతో ఆ సర్వీసు పేరు ఇస్తే ఏ మాడ్యూల్ దొరకలేదో అక్కడే రాసి ఉంటుంది. అన్నట్టు, సౌండ్ కార్డు మాడ్యూల్‌ను ఆ ఫైలులో రాయవలసిన అవసరమే ఉండదు. అది పీసీఐ పరికరం.